ఏ మనిషికీ చెప్పలే

ఆ అంగీని ఎన్నిసార్లు ఉతికిందో జ్ఞానమ్మకే యాది లేదు. సబ్బు పెట్టింది, సోడా పెట్టింది, బండ మీద వేసి రెక్కలు పోయేటట్టు బాదింది. మరక మాత్రం పోలే. ఆఖరికి మడతపెట్టి తెచ్చి రజిని ఒళ్ళె పెట్టింది.

"సూడు బిడ్డా. కాల్వల పడ్డోని అంగీకి ఒండ్రుమట్టి అంటుతది. మట్టి అయితె జాడిస్తె పోతది. మరి ఇదేం మట్టి?"

రజిని ఎడపల్లిల జ్ఞానమ్మ ఇంటి వాకిట్ల అంగీని వెలుగుకు పట్టి చూసింది. తెల్ల అంగీ. కాలర్ నుంచి కింది అంచు దాకా చాయ్ ఒలికినట్టు గోధుమరంగు పట్టుకున్నది. ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఇన్ని ఉతుకులు ఉతికినంక గూడ, పులిసిన బెల్లం వాసన సన్నగ తగిలింది.

రజిని నిజామాబాద్‌ల చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుతది. పోలీసు కొలువు చేసి చేసి, పైవాళ్ళు చెప్పినకాడల్లా సంతకం పెట్టలేక బయటపడ్డ మనిషి. ఆమె దగ్గరికి వచ్చేటియన్నీ పెండ్లి సంబంధాల ఆరాలే. పిల్లగాడు తాగుతడా, పిల్లకు ఇంతకుముందు ఎవరన్న ఉన్నరా, గిసొంటి ముచ్చట్లు. చావు కేసు పట్టుకొని ఆమె మెట్లెక్కింది జ్ఞానమ్మ ఒక్కతే. ఎడపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, కూసోమంటే కూసోకుండ ఒక్కటే మాట అడిగింది.

"నా చిన్నకొడుకు తాగి కాల్వల పడి సచ్చిండని పోలీసోళ్ళు రాసిండ్రు. వాడు ఒక్కనాడు ముట్టలే. సమాధి రాయి మీద పేరు రాపియ్యాలంటె నాకు చెయ్యి ఆడ్తలేదు. తాగుబోతు అన్న మాట ఒక్కటి తీసెయ్యి బిడ్డా. సంపినోళ్ళున్నరని నా పానం చెప్తున్నది, వాళ్ళను సూపెట్టు."

ఆ చిన్నకొడుకే పాల్ రాజ్. కొత్త ఫ్యాక్టరీ ల్యాబ్‌ల కెమిస్టు. కొత్త ఫ్యాక్టరీ అంటే ఈ దిక్కు చిన్నపిల్లగాడు గూడ చెప్తడు, చెరుకు నుంచి ఇథనాల్ తీసేది. బోధన్ పాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు వేసుడే మర్చిపోయిన ఊర్లు, దీని పుణ్యాన మళ్ళ చెరుకు వేసినయి. దుబాయ్ పోయినోళ్ళు కొందరు వాపస్ వచ్చిండ్రు. అబద్ధమెందుకు, పొయ్యిలు వెలిగినయి. అదే ఫ్యాక్టరీ వెనుక నుంచి నల్లనీళ్ళు వాగులకు వచ్చినయి, వాగు నుంచి బోర్లకు వచ్చినయి. బర్లకు కడుపులు పడిపోయినయి. ఆ నీళ్ళను శుద్ధి చేసే మిషిని లేదా అంటే, ఉన్నది. ఆఫీసర్లు వచ్చిననాడు నడుస్తది. వాళ్ళ కారు గేటు దాటంగనే బందయితది. కరెంటు దండుగట. ఎంత సిగ్గులేని ముచ్చటో సూడుండ్రి.

పాల్ రాజ్ అది కండ్లార చూసిండు. వాగు నీళ్ళు, బోరు నీళ్ళు, ఫ్యాక్టరీ నీళ్ళు సీసాలల్ల పట్టిండు. శనివారం మొదటి బస్సుకు హైదరాబాద్ పోయి పొల్యూషనోళ్ళ పెద్దాఫీసుల ఇస్తనని చీకటుండంగనే ఇంట్లకెళ్ళి బయటపడ్డడు. తెల్లారేసరికి కాల్వ కాడ శవమై కనబడ్డడు. సీసాల సంచి లేదు. ఫోన్ లేదు.

"పట్నం పోతున్నట్టు ఎవరెవరికి తెలుసు అవ్వా?" అని అడిగింది రజిని.

"నాకొక్కదానికే. అవ్వా, నోరు జారకు, పని చెడిపోతది అన్నడు."

"నువ్వు ఎవరికన్న చెప్పినవా? అక్కచెల్లెండ్లకు గాని, ఇంటి పక్కోళ్ళకు గాని?"

"దేవుని తోడు, ఏ మనిషికీ చెప్పలే."

రజిని నమ్మింది. ఆ ముసలామె అబద్ధమాడే మనిషి కాదు, ఆడలే గూడ. కాని ఆ మాటల ఉన్న అసలు మాటను రజిని చెవి పట్టుకోలే. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోంగనే సరిపోతదా?

గుంజకు ఆనుకొని పెద్దకొడుకు జయరాజ్ నిలబడ్డడు. పాత ఫ్యాక్టరీ పోయినంక ఎనిమిదేండ్లు దుబాయ్ ఎండల కాలి వచ్చిన మనిషి, ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీ చెరుకు యార్డుల సూపర్‌వైజర్. చెంపలు లోపలికి పోయినయి. అవ్వ చేతిల అంగీ దిక్కు ఒక్కసారి గూడ చూస్తలేడు.

"పోయినోడు పోయిండు మేడం. అవ్వకు నువ్వన్న చెప్పు. ఈ అంగీ పట్టుకొని ఎన్నొద్దులు ఉతుకుతది? చూడబుద్ధయితలేదు," అన్నడు. రజినికి పాపమనిపించింది.

*

రజిని కాల్వ కాడికి పోయేసరికి సర్కిల్ ఇన్స్‌పెక్టర్ వేణు జీపు తూము పక్కకే ఉన్నది. ఒకప్పుడు ఇద్దరూ ఒక్క ఠాణల పని చేసినోళ్ళే. అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడది.

"వచ్చినవా? పెండ్లి సంబంధాలు అయిపోయినయా?" అన్నడు వేణు.

"అయిపోయినయి వేణు సాబ్. నువ్వు మూసిన కేసులు చూద్దామని వచ్చిన."

శవాన్ని మొదలు చూసిన లింబయ్య అక్కడనే ఉన్నడు. కాల్వ నీళ్ళు కాసే లష్కర్. తువ్వాల భుజం మీదికెళ్ళి తీసి చేతిల పట్టుకున్నడు. రజిని ఆయన దిక్కు తిరిగింది.

"అన్నా, ఆ పొద్దు కాల్వల నీళ్ళు ఎంతున్నయి?"

"మా వంతు కాకుండె మేడం. తూము తలుపు దించి ఉండె. మోకాళ్ళకు గూడ రావు."

"తాగినోనికి మోకాలు లోతు చాలు," అన్నడు వేణు.

"తాగిండని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నా ముక్కు చెప్పింది. దగ్గరికి పోతె గుప్పుమన్నది."

"ఏం వాసన? బ్రాందీయా, కల్లా, గుడుంబానా? ఇన్నేండ్ల సర్వీసుల ఆ మాత్రం తేడా తెలవదా?"

రజిని సంచిలకెళ్ళి అంగీ తీసి వేణు ముందట పట్టింది. "ఇది నాలుగు తీర్ల ఉతికిన అంగీ. వాసన చూడు. ఏ తాగుబోతు అంగీ ఉతికినంక గూడ వాసన వస్తది? ఇది మందు కాదు. ఫ్యాక్టరీ వెనుక నల్లనీళ్ళు నిలబెట్టే మడుగు వాసన. పిల్లగాడు చచ్చింది ఆడ, దొరికింది ఈడ."

"వాసన కోర్టుల నిలబడది."

"అయితె ఇవి చూడు." రజిని తూము పక్క సిమెంటు మెట్ల మీద ఒంగింది. పై మెట్టు నుంచి నీళ్ళంచు దాకా గోధుమరంగు బొట్లు ఎండిపోయి ఉన్నయి. వాన పడని కాలం, ఎవరూ కడగలే. "పై నుంచి కిందికి కారుకుంట వచ్చినయి. కాల్వల పడ్డోడు, కాల్వకు దిగకముందే ఎట్ల తడిసిండు?"

వేణు బూటుతోని ఒక బొట్టును రాకి చూసిండు. పోలే. ఆయన మొఖం జరంత మాడింది. అంతట్లనే గొంతు పెంచిండు.

"రజినీ, ఒక్క ముచ్చట ఇను. మా బాపు పాత ఫ్యాక్టరీల ఫిట్టర్. మూతపడ్డనాడు గేటు ముంగట కూసుండి ఏడ్సిండు. మా గల్లీల మొగోళ్ళంత దుబాయ్ పాలయ్యిండ్రు, ఇద్దరు పెట్టెలల్ల వచ్చిండ్రు. మళ్ళ ఇన్నేండ్లకు ఒక ఫ్యాక్టరీ వచ్చి నాలుగు మెతుకులు దొరుకుతుంటె, దాన్ని గూడ బందు పెట్టిస్తవా? నీకేం, నిజామాబాద్‌ల కూసుంటవ్."

"బందు పెట్టుమని ఎవరన్నరు?" రజినికి గూడ కోపమొచ్చింది. "పిల్లగాడు బందు పెట్టుమనలే. మిషిని నడుపుమన్నడు. గంతే అడిగిండు. పిల్లగాని అన్న ఆ ఫ్యాక్టరీలనే పనిచేస్తడు, ఆయనా గండ్లనే జీతం తీసుకుంటుండె. మీ బాపుకు పని కావాలె, ఈ లింబయ్యన్నకు నీళ్ళు కావాలె. రెండూ కావాలన్నోన్ని చంపిండ్రు. నువ్వేమో తాగుబోతు అని రాసినవ్."

లింబయ్య తల దించుకున్నడు. "మా బోరు డికాషన్ లెక్క అయింది సారూ," అన్నడు మెల్లగ. "నా చెరుకు గా ఫ్యాక్టరీకే పోతది. ఏమని మాట్లాడాలె నేను?"

రజిని వేణు దిక్కు తిరిగింది. "శవం ఫోటో చూపియ్యి."

"ఎందుకు?"

"నువ్వు నిజమే రాసి ఉంటె భయమెందుకు?"

ఆ మాటకు వేణుకు పౌరుషమొచ్చింది. ఫోన్ తీసి ముందట పెట్టిండు. పాల్ రాజ్ మెట్ల మీద వెల్లకిల పండుకొని ఉన్నడు. కాళ్ళు నీళ్ళల్ల, నడుము పైభాగం మెట్ల మీద. రజిని ఫోటోను పెద్దగ చేసి చూసింది. చూసి, చాలాసేపు ఫోన్ వాపస్ ఇయ్యలే.

"కండ్లు మూసి ఉన్నయి."

"చచ్చినోని కండ్లు మూసి ఉండవా?"

"ఊపిరాడక కొట్టుకొని పోయినోని కండ్లు తెరుసుకునే ఉంటయి. నాకంటె నువ్వే ఎక్కువ శవాలు చూసినవ్. ఎవరన్న మూస్తెనే మూసుకుంటయి. చేతులు చూడు. రెండూ ఎద మీద, ఒకదాని మీద ఒకటి."

"లింబయ్య పెట్టి ఉంటడు."

"నేను ముట్టలే సారూ," అన్నడు లింబయ్య. "పోలీసోళ్ళు వచ్చేదాక ఆమడ దూరం నిలబడ్డ. మాదిక్కు కాళ్ళ బొటనేళ్ళు కడతం గని చేతులు గిట్ల పెట్టం."

రజినికి తెలుసు ఎవరు పెడతరో. పాల్ రాజ్ లెక్కనే ఆమెదీ క్రిస్టియన్ ఇల్లు, బోధన్ మెథడిస్టులు. చర్చి గుడికి పోక ఏండ్లయింది గాని, తండ్రిని పెట్టెల పండబెట్టిననాడు నానమ్మ ఆయన చేతులు ఇట్లనే తీసి ఎద మీద పెట్టుడు ఆమె మర్చిపోలే.

"చంపినోళ్ళు శవాన్ని నీళ్ళల్ల పారేసి పోయిండ్రు," అన్నది. "తర్వాత ఒకడు ఆగిండు. మొఖం నీళ్ళల్ల ఉండుడు చూడలేక పైకి గుంజిండు. కండ్లు మూసిండు, చేతులు పెట్టిండు. వేణూ, వాడు ఈ పిల్లగాని మీద పానం పెట్టుకున్నోడు. వాడే సాక్షి."

వేణు ఫోన్ గుంజుకొని జేబుల పెట్టుకున్నడు. "రేపటి నుంచి ఈ కట్ట మీద కనబడితె కేసు పెడత," అన్నడు. జీపెక్కిండు గాని, స్టార్ట్ చేసేముందు ఆ మెట్ల దిక్కు ఇంకోసారి చూసిండు.

*

పొద్దుగూకక ముందే రజిని మళ్ళ జ్ఞానమ్మ ఇంటికి వచ్చింది. శుక్రవారం. వాకిట్ల చెప్పులు, లోపల ఆడోళ్ళు చాపల మీద కూసున్నరు. ఇంటి ప్రార్థన కూటం నడుస్తున్నది. జయరాజ్ భార్య గ్రేస్ పాట అయిపోగొట్టి అన్నది, "మనవులు ఉన్నోళ్ళు చెప్పుండ్రి."

కూటం తెలిసినోళ్ళకు ఇది తెలిసిందే. ప్రార్థనకు ముందు ఎవరి బాధ వాళ్ళు పైకి చెప్పుకుంటరు. అందరు కలిసి దాని కోసం ప్రార్థన చేస్తరు. చిన్నప్పుడు రజిని గూడ లెక్కల పరీక్ష కోసం మనవి చెప్పిందే.

"మా ఆయనకు షుగర్ తగ్గాలె," అన్నది లత అనే ఆమె. ఇంకొకామె కొడుకు వీసా ముచ్చట చెప్పింది. ఒకామె బోరు నీళ్ళు మంచిగ కావాలె అన్నది, ఆ పక్కామెనే ఫ్యాక్టరీ సల్లగుండాలె అన్నది. రెండిటికీ అందరూ ఆమెన్ అన్నరు.

జ్ఞానమ్మ మోకాళ్ళ మీద ఉన్నది. "నా కొడుకును సంపినోళ్ళు దొరకాలె ప్రభువా. రజిని బిడ్డకు తొవ్వ సూపెట్టు," అన్నది.

గడప కాడ నిలబడ్డ రజినికి ఒక్కసారిగ పొద్దుటి మాట చెవుల మోగింది. ఏ మనిషికీ చెప్పలే.

మనిషికి చెప్పలే.

రజిని గోడ పట్టుకున్నది. ప్రార్థన అయిపోయేదాక, ఆడోళ్ళు లేసి బయటికి పోయేదాక అట్లనే నిలబడ్డది. అడగకుండ పోదామా అని గూడ అనిపించింది. తాగుబోతు అన్న మాట తీసేస్తె చాలు గద, ఈ తల్లి అడిగింది గంతే గద. కాని చంపినోళ్ళను సూపెట్టు అన్నది గూడ ఆమెనే.

"అవ్వా," అని ఆమె పక్కకు కూసున్నది. "పాల్ రాజ్ పోయిన ముందటి రోజు గూడ శుక్రవారమే. కూటం అయిందా?"

"అయింది బిడ్డా. ఈడనే."

"నువ్వు ఏం మనవి చెప్పినవ్?"

జ్ఞానమ్మ మొఖంల మర్మం లేదు. యాది చేసుకొని, ఆనాడు ఎట్ల చెప్పిందో అట్లనే చెప్పింది. "నా చిన్నోడు రేపు మొదటి బస్సుకు నల్లనీళ్ళ సీసాలు పట్టుకొని పట్నం పోతుండు, ఆఫీసర్ల ముంగట వానికి దయ దొరకనియ్యి ప్రభువా అని..."

మాట అక్కడ ఆగింది. ఆమె నోరు తెరిసే ఉన్నది. రజిని ఆమె చెయ్యి పట్టుకున్నది.

"దేవునికి చెప్పిన బిడ్డా," అన్నది జ్ఞానమ్మ. "నేను దేవునికి చెప్పిన."

"తెలుసు అవ్వా."

"ఇన్నదెవరు? అందరూ మనోళ్ళే. ఆడోళ్ళు. లత, గ్రేసు..." వేళ్ళ మీద పేర్లు తీసుకుంట పోయింది. ఒక్క పేరు కాడ ఆమె వేలు నిలబడ్డది. తల తిప్పి గడప దిక్కు చూసింది. గ్రేస్‌ను తోల్కపోవడానికి వచ్చిన జయరాజ్ అక్కడ నిలబడ్డడు. ఆ శుక్రవారం గూడ ఆయన అట్లనే వచ్చి, గడప కాడ కూసుండి మనవులన్నీ విన్నడు. నడిమిట్ల ఫోన్ వచ్చిందని లేసి పోయిండు.

జయరాజ్ పారిపోలే. అవ్వ చూపుకు కాళ్ళు మడిచి వాకిట్లనే కూలబడ్డడు.

"మా మేనేజర్‌కు చెప్పి భయపెట్టుమన్న అవ్వా," అన్నడు. "సీసాలు గుంజుకోమన్న. గంతే అన్న. ఫ్యాక్టరీ బందయితె మళ్ళ దుబాయ్ పోవాలె, నాతోని కాదు. మేనేజర్ మంచిగ మాట్లాడిండు. మిషిని ఇగ రోజు నడిపిస్త, మీ తమ్మున్ని మడుగు కట్ట మీదికి రమ్మను, నా నోటితోనే చెప్త అన్నడు. నేనే ఫోన్ చేసిన. తమ్మీ, నువ్వు గెలిచినవురా, రా అన్న. వాడు నవ్వుకుంట వచ్చిండు."

గ్రేస్ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"సీసాల సంచి కాడ గుంజులాట అయింది. వాచ్‌మెన్లు నూకిండ్రు. మడుగుకు లోపలంత ప్లాస్టిక్ పరిసి ఉంటది అవ్వా, కాలు నిలవది. ఎక్కుతుండు, జారుతుండు. అన్నా అని పిలిసిండు. నేను దుంకబోతె ఇద్దరు పట్టుకున్నరు. మేనేజర్ చూసుకుంట నిలబడ్డడు. మళ్ళ... మళ్ళ పిలువలే."

జ్ఞానమ్మ లేసింది. గోడ పట్టుకుంట వచ్చి పెద్దకొడుకు ముందట కూసున్నది. కొడుతదనుకున్నది రజిని. కొడితెనే బాగుండు అనిపించింది.

"కండ్లు నువ్వే మూసినవా?" అని అడిగింది జ్ఞానమ్మ.

"నేనే అవ్వా."

"చేతులు?"

"నేనే పెట్టిన."

జ్ఞానమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. పెట్టి, గప్పుడు ఏడ్సింది. ఇప్పటిదాక రజిని ముందట ఒక్క చుక్క రాల్చని మనిషి, ఊపిరి అందనట్టు ఏడ్సింది. ఏ కొడుకు కోసం ఏడుస్తున్నదో ఆమెకే తెలుసు. రజిని మొఖం పక్కకు తిప్పుకున్నది, ఆమెకూ కండ్లు ఆగలే.

జయరాజ్ జేబుల ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మేనేజర్ పేరు. రజిని స్పీకర్ నొక్కి, మాట్లాడమని సైగ చేసింది.

"జయరాజ్, ఆ డిటెక్టివ్ శవం ఫోటో చూసిందంట కదా," అన్నది అవతలి గొంతు, తీరిగ్గ. "నువ్వేం కంగారు పడకు. ఒకసారి మడుగు కట్ట మీదికి రా, మాట్లాడుకుందాం. ఒక్కడివే రా."

ఫోన్ పెట్టేసిండు. జయరాజ్ మొఖంల నెత్తురు లేదు. తమ్మున్ని పిలిసిన చోటికే తనను పిలుస్తుండ్రు. రజిని లెక్క వేసుకున్నది. ఫోటో ముచ్చట తెలిసింది ముగ్గురికే, తనకు, లింబయ్యకు, వేణుకు. కాల్వ కాడికెళ్ళి ఫ్యాక్టరీకి ఆ మాట ఎవరు మోసిండ్రో తెలిసేదాక బోధన్ ఠాణ మెట్లు ఎక్కుడు మంచిది కాదు.

"అవ్వా, ఈడ ఉండద్దు. నిజామాబాద్ పోదాం, కమిషనర్ ఆఫీసుకు. జయరాజ్ చెప్పిందంత అక్కడ చెప్పాలె. కాని చెప్తె..." రజిని ఆగింది. ఆ మాట తల్లికి ఎట్ల చెప్పాలె?

"వీన్ని గూడ లోపలేస్తరు," అన్నది జ్ఞానమ్మ. "తెలుసు."

కొంగుతోని మొఖం తుడుసుకున్నది. మరకల అంగీని మడతపెట్టి సంచిల పెట్టుకున్నది. జయరాజ్ మణికట్టు పట్టి లేపింది. చిన్నప్పుడు బడికి తోల్కపోయినట్టు పట్టుకొని వాకిలి దాటింది. ఆయన చెయ్యి గుంజుకోలే.

గల్లీల ఇంక ఆడోళ్ళు పూర్తిగ పోలే. లత చూసి అడిగింది, "యాడికి అక్కా, ఈ యాళ్ళప్పుడు?"

రజిని చెప్పద్దన్నట్టు జ్ఞానమ్మ భుజం మీద చెయ్యి వేసింది. జ్ఞానమ్మ ఆ చెయ్యిని మెల్లగ తీసేసింది. గల్లీల అందరికీ ఇనబడేటట్టు చెప్పింది.

"నా చిన్నోన్ని సంపినోళ్ళ పేర్లు చెప్పెతందుకు పోతున్నం. గండ్ల నా పెద్దోని పేరున్నది. నా పేరు గూడ ఉన్నది. ఇన్నొద్దులు దేవునికే చెప్పుకున్న లతా, ఇగ మనుషులకు చెప్పాలె."